దీపం మార్చాం, చోటు మార్చలేదు

ఈ రాత్రి చదువు ముగిశాక ఒక్క పని చేయండి. మీ వంటింట్లోకి వెళ్లి దీపం వేసి, పొయ్యి గట్టు ముందు మీ అమ్మగారు నిలబడే చోట నిలబడండి. గట్టు మీద ఒక పళ్లెం పెట్టి, అందులో గుప్పెడు బియ్యం పోయండి. రాళ్లు ఏరుతున్నట్టు కాస్త ముందుకు వంగండి. ఇప్పుడు మీ నీడ ఎక్కడ పడిందో చూడండి.

చాలా ఇళ్లలో అది సరిగ్గా పళ్లెంలోనే పడుతుంది. కారణం పెద్దదేమీ కాదు. దీపం గది నడిమధ్యన ఉంటుంది, పని గోడ దగ్గర జరుగుతుంది. పని చేసే మనిషి ఆ రెంటికీ మధ్య నిలబడతాడు. దీపం కింద చీకటి అని మన పెద్దలు అన్నది నూనె ప్రమిద గురించి. ప్రమిద పోయి బల్బు వచ్చింది, బల్బు పోయి ట్యూబులైటు వచ్చింది, ఆ తర్వాత ఎల్ఈడీ వచ్చింది. చీకటి మాత్రం దీపం కింద నుంచి లేచి మన చేతుల మీదికి వచ్చి కూర్చుంది.

ఈ సంగతి నాకు అరవై నాలుగేళ్ల వయసులో, ఎడమ చేతి బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాక గాని తెలియలేదు. మీకు అంత ఆలస్యం కాకూడదని ఇది రాస్తున్నాను.

నేను ఉండేది హైదరాబాదు రాయదుర్గంలో. అనంతపురం జిల్లాలో మరో రాయదుర్గం ఉంది, దాని మాట తర్వాత వస్తుంది. మా పక్కనున్న మాదాపూరులో 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమయింది. 2019 నవంబరు 29న మెట్రో రైలు మా రాయదుర్గం దాకా వచ్చింది. ఇప్పుడు రాత్రిపూట మెట్రో దిగి చూస్తే చుట్టూ అద్దాల మేడలు. ఒక్కో అంతస్తూ దీపాల పెట్టెలా వెలుగుతూ ఉంటుంది. ఇక్కడే 2023 మార్చి 2న టీ-వర్క్స్ అనే పెద్ద కార్ఖానా తెరిచారు. 78 వేల చదరపు అడుగుల భవనం. ఎవరికైనా కొత్త వస్తువు తయారు చెయ్యాలన్న ఆలోచన వస్తే, దానికి తొలి నమూనా చేసి చూసుకోవడానికి కావలసిన యంత్రాలన్నీ ఒక్కచోట పెట్టారు. మంచి పనే. అయితే ఒక వస్తువు చేసి చూద్దామన్న బుద్ధి పుట్టే చోటు అది కాదు. ఆ బుద్ధి ఇంట్లో పుడుతుంది. విరిగిన బొమ్మను విప్పిన చోట, సైకిలు చైను ఎక్కించిన చోట, తాత రంపం పట్టుకుంటే మనవడు చెక్కను అదిమిపట్టిన చోట. అలాంటి చోటు మా ఇంటి వెనకా ఒకటుంది. నా ఫిర్యాదంతా దాని నెత్తిన వేలాడిన దీపం గురించే.

అది రేకుల గది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. పొడుగు గోడకు ఆనించి ఒక పనిబల్ల, దానికి బిగించిన వైసు. ఇంకో మూల చిన్న గ్రైండరు, ఒక డ్రిల్లు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పని చేశాను. పదవీ విరమణ తర్వాత వాడకట్టులో వాళ్ల కుర్చీలు, ఫ్యాన్లు, మంచాలు బాగు చేస్తూ ఈ గదిలో కాలక్షేపం చేస్తున్నాను. గది కట్టించినప్పుడు కరెంటు పనివాడు ఏ గదిలో చేసినట్టే ఇక్కడా చేశాడు. నడిమధ్యన ఒక హోల్డరు వేలాడదీసి, అందులో 60 వాట్ల బల్బు పెట్టాడు. ఎక్కడ పెట్టమంటారని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత ఎల్ఈడీ బల్బులు వచ్చాయి. ఇది నిజంగా గొప్ప కథ, కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఎర్రటి, పచ్చటి వెలుతురు ఇచ్చే ఎల్ఈడీలు 1960ల నుంచే ఉన్నాయి. నీలి వెలుతురు గట్టిగా ఇచ్చే ఎల్ఈడీ మాత్రం శాస్త్రజ్ఞులకు ముప్పై ఏళ్ల పాటు చిక్కలేదు. నీలిది దొరికితేనే తెల్ల వెలుతురు వస్తుంది. నీలి ఎల్ఈడీ ముందు పసుపు వెలుతురు ఇచ్చే భాస్వర పదార్థం పూత పెడితే, నీలమూ పసుపూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఆ నీలి దీపాన్ని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మరుసటి ఏడాది, 2015 జనవరి 5న, మన దేశంలో ఉజాలా పథకం మొదలయింది. ప్రభుత్వం లక్షల సంఖ్యలో ఒక్కసారే బల్బులు కొనడం వల్ల ధర దిగింది. 2014లో ఒక్కో బల్బుకు 310 రూపాయల దాకా పెట్టి కొన్నవాళ్లు, 2016కల్లా 40 రూపాయల లోపే కొనగలిగారు. కరెంటు ఎంతో ఆదా అయింది. నేనూ 60 వాట్ల బల్బు తీసేసి 9 వాట్లది పెట్టాను.

ఎక్కడ పెట్టాను? అదే హోల్డరులో.

నేను తప్పు పట్టేది ఈ ఒక్క విషయాన్నే. ఇంత మంచి దీపాన్ని కనిపెట్టి, ఇంత చవకగా ఇంటింటికీ చేర్చి, చివరికి దాన్ని పాత దీపం వదిలివెళ్లిన గుంటలోనే బిగించాం. వాట్లు తగ్గాయా అని చూశాం గాని, వెలుతురు చేతి మీద పడుతోందా అని చూడలేదు.

నా వేలు తెగింది ఈ కొత్త దీపం కిందే. ఒక పీట కాలికి ఉలితో గాడి చేస్తున్నాను. గీత కనిపించక ముందుకు వంగాను. వంగేకొద్దీ గీత ఇంకా మసకబారింది. ఉలి జారింది. ఉలి మొద్దుబారిందని నేను, చూపు తగ్గిందని ఇంట్లోవాళ్లు, కట్టు విప్పేదాకా వాదించుకున్నాం. తొమ్మిదో తరగతి చదివే మా మనవడు గదిలోకి వచ్చి, బల్ల ముందు నా చోట నిలబడి చూసి, “తాతా, నీ నీడ నీ చెయ్యి మీదే పడుతోంది గదా!” అన్నాడు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో పని చేసినవాడికి ఆ మాట పిల్లవాడు చెప్పాల్సి వచ్చింది.

ఆ ఫ్యాక్టరీలో ఈ బాధ లేదు. అక్కడ నా తల మీద దీపం ఎలా ఉండాలో నాకన్నా ముందు చట్టం ఆలోచించింది. 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టంలో 17వ సెక్షన్ మొత్తం వెలుతురు గురించే ఉండేది. పని చేసే చోటా, నడిచే చోటా చాలినంత, తగినంత వెలుతురు ఉండాలన్నారు. కళ్లు మిరుమిట్లు గొలపకూడదన్నారు. కంటికి శ్రమ కలిగేటట్టు గాని, ప్రమాదం జరిగేటట్టు గాని నీడలు పడకుండా చూడాలని విడిగా రాశారు. కిటికీ అద్దాలు లోపలా బయటా శుభ్రంగా తుడవాలని కూడా రాశారు. చట్టం రాసినవారు ఎప్పుడో ఒకప్పుడు బల్ల ముందు నిలబడి పని చేసి ఉంటారని నా అనుమానం. అయితే ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయేది. ఇంట్లో కూర్చుని మిషను కుట్టే అక్కకు గాని, వంటింట్లో నిలబడే అమ్మకు గాని, రేకుల గదిలోని నాకు గాని అది వర్తించేది కాదు. ఇంట్లో తనిఖీ అధికారి ఎవరు? మనమే. అందులోనూ మీరే. కొలతలూ సూత్రాలూ ఈ మధ్యే నేర్చుకున్నవాళ్లు మీరు గనుక.

సరే, లెక్క వేసి చూద్దాం. దీపం మొత్తం మీద ఇచ్చే వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే దాన్ని ఒక లక్స్ అంటారు. దీపం పెట్టె మీద రాసి ఉండేది ల్యూమెన్లు. మన కంటికి కావలసింది లక్స్‌లు. ఈ రెంటి మధ్య తేడాయే మన కథ.

తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు 900 ల్యూమెన్లు ఇస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి ఆ వెలుతురంతా కింది వైపుకే, అర్ధగోళంలా సమంగా పరుచుకుంటుందనుకుందాం. మీటరు దూరంలో ఆ అర్ధగోళం వైశాల్యం 2 గుణించు పై, అంటే 6.28 చదరపు మీటర్లు. 900ని 6.28తో భాగిస్తే 143 లక్స్. రెండు మీటర్ల దూరానికి వెళ్లండి. వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, కాబట్టి వెలుతురు నాలుగో వంతుకు, 36 లక్స్‌కు పడిపోతుంది. దూరం రెట్టింపయితే వెలుతురు సగమవుతుందని మనసు అనుకుంటుంది. కాదు, పావు వంతవుతుంది. విలోమ వర్గ నియమమని మీ పాఠంలో చదివింది ఇదే.

మా గదిలో బల్బు నేల నుంచి 2.7 మీటర్ల ఎత్తున ఉంది. బల్ల ఎత్తు 0.9 మీటరు. అంటే బల్బు బల్లకన్నా 1.8 మీటర్లు పైన ఉంది, పక్కకు 1.2 మీటర్లు ఎడంగా ఉంది. పైథాగరస్ సిద్ధాంతం వాడి బల్బు నుంచి బల్ల దాకా వాలు దూరం కట్టండి. 2.16 మీటర్లు వస్తుంది. ఇంకో సంగతి ఉంది. వెలుతురు నిట్టనిలువుగా కాక వాలుగా పడుతోంది. వాలుగా పడిన వెలుతురు ఎక్కువ చోటు మీద పరుచుకుని పలచబడుతుంది. సాయంత్రపు ఎండ మధ్యాహ్నపు ఎండంత చురుకుగా ఉండకపోవడానికి ఇదీ ఒక కారణం. ఆ వాలును కూడా లెక్కలో వేస్తే నా బల్ల మీద పడేది సుమారు 25 లక్స్.

ఎంత కావాలి? మన దేశపు ప్రమాణాల సంస్థ వారు భవనాల లోపలి వెలుతురు గురించి ఐఎస్ 3646 అనే ప్రమాణంలో పనిని బట్టి అంకెలు ఇచ్చారు. చెక్క పనుల్లో మోటు రంపపు కోతకు 200 నుంచి 500 లక్స్. చిత్రిక పట్టడం, మామూలు బల్లపని వంటివాటికి 300 నుంచి 750. నాజూకు పనికి 500 నుంచి 1000. నా బల్ల మీద ఉన్నది 25! అదీ నేను అడ్డం నిలబడనప్పటి లెక్క. నిలబడ్డానంటే ఆ పాతికా నా వీపు మీదే ఆగిపోతుంది. గోడల మీద పడి చెదిరి వచ్చేదే చేతికి మిగిలేది. పైగా వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ల వాడి కంటి లోపలి తెరను చేరే వెలుతురులో అరవై ఏళ్ల వాడికి చేరేది దాదాపు మూడో వంతే. మీ తాతగారు “లైటు వెయ్యరా” అని పట్టపగలు అంటే చాదస్తమనుకోకండి.

మా పక్కింటాయన ఒక ఉపాయం చెప్పాడు. 50 వాట్ల ఫ్లడ్‌లైటు తెచ్చి నడిమధ్యన పెట్టమన్నాడు. తన దగ్గరున్నది తెచ్చి పెట్టి చూపించాడు కూడా. గది తెల్లబడింది, నిజమే. కాని బల్ల ముందు నిలబడగానే నా నీడ మునుపటికన్నా నల్లగా, అంచులు కోసినట్టు పడింది. చిన్న బిందువు లాంటి దీపం నుంచి వచ్చే నీడ ఎప్పుడూ అలాగే ఉంటుంది. చుట్టూ వెలుతురు పెరిగితే కంటిపాప ముడుచుకుంటుంది. దాంతో నీడలో ఉన్నది ఇంకా కనిపించకుండా పోతుంది. తల ఎత్తితే కళ్లు చీకట్లు కమ్మాయి. వెలుతురు ఎక్కువైతే మంచిదే గదా అన్న మాట నేను ఒప్పుకోను. తప్పుడు చోట ఉన్న దీపాన్ని పెద్దది చేస్తే తప్పు పెద్దదవుతుంది.

నీడ సంగతి మీరే చేసి చూడవచ్చు. చీకటి గదిలో సెల్‌ఫోను టార్చి వేసి గోడకు ఎదురుగా పెట్టి, మధ్యలో పెన్సిలు పట్టుకోండి. గోడ మీద నల్లటి గీత పడుతుంది. రెండో ఫోను టార్చిని ఒక జానెడు పక్కన పెట్టి వెలిగించండి. ఇప్పుడు రెండు నీడలు పడతాయి. రెండూ బూడిద రంగులో ఉంటాయి, ఎందుకంటే ఒక దీపం నీడలోకి రెండో దీపం వెలుతురు పంపుతోంది. నాలుగడుగుల ట్యూబులైటు అంటే ఇలాంటి చిన్న దీపాలు వందలు వరసగా పేర్చినట్టు. ట్యూబుకు అడ్డంగా పెన్సిలు పట్టి, తర్వాత దాన్ని ట్యూబు పొడవు వెంట తిప్పి పట్టి, నీడ ఎలా మారుతుందో గమనించండి. ఆపరేషను గదిలో డాక్టరు తల మీద ఒకే గుండ్రటి పళ్లెంలో అన్ని దీపాలు ఎందుకుంటాయో ఇప్పుడు మీకు అర్థమయి ఉంటుంది. డాక్టరు తల ఒక దీపానికి అడ్డం వస్తే మిగతావి ఆ నీడను పూడుస్తాయి.

మా గదిలో చివరికి చేసింది ఇది. నడిమధ్యన ఉన్న హోల్డరు తీయించేశాం. 20 వాట్ల నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబులు రెండు కొన్నాం. ఒక్కోటి 2000 ల్యూమెన్లు. మొదటిదాన్ని బల్లకు సరిగ్గా పైన, బల్ల పొడవు వెంట, రెండు గొలుసులతో నాలుగడుగుల ఎత్తున వేలాడదీశాం. నేను నిలబడితే అది నా తలకు కొంచెం ముందు ఉంటుంది, గోడకూ నాకూ మధ్య. నా నీడ ఇప్పుడు నా వెనక, నేల మీద పడుతుంది. అక్కడ దాన్ని ఎవరూ ఉలితో చెక్కబోరు. రెండోది గ్రైండరు, డ్రిల్లు ఉన్న వైపు. బల్ల మీద వెలుతురు లెక్క కడితే 300 లక్స్‌లు దాటుతుంది. పాత ఫిలమెంటు బల్బు 60 వాట్లు తాగి దాదాపు 700 ల్యూమెన్లు ఇచ్చేది. ఇవి రెండూ కలిసి 40 వాట్లతో 4000 ఇస్తున్నాయి.

తీగల పని మాత్రం పిల్లలు చేయకూడదు. మేమూ మెయిను ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయించాం. మాది రేకుల కప్పు గనుక తీగ ఎక్కడా రేకు అంచును ఒరుసుకోకుండా పైపులో నుంచి తీశాడు, గొలుసులు బిగించిన ఇనుప కడ్డీకి ఎర్తు వేశాడు. ఎత్తు ఎంత, చోటు ఏది అన్న నిర్ణయం మాత్రం మా మనవడిదే. బల్ల ముందు నన్ను నిలబెట్టి, కర్రకు టార్చి కట్టి అటూ ఇటూ జరుపుతూ నీడ ఎప్పుడు తప్పుకుంటుందో చూసి సుద్దతో గుర్తు పెట్టాడు. పైసా ఖర్చు లేని ఆ అరగంటే మొత్తం పనిలో ముఖ్యమైన భాగం.

సగం వెలుతురు సున్నం ఇచ్చింది. మా గోడలు ఏళ్ల తరబడి దుమ్ము పట్టి ముదురు బూడిద రంగుకు తిరిగాయి. అలాంటి గోడ తన మీద పడిన వెలుతురులో చాలా భాగం మింగేస్తుంది. తెల్లగా సున్నం వేసిన గోడ నూటికి డెబ్బై వంతులకు పైగా తిప్పి పంపుతుంది. సున్నం వేశాక గది నాలుగు వైపుల నుంచీ మెత్తటి వెలుతురు రావడం మొదలయింది, నీడల లోపల కూడా వస్తువులు కనిపించాయి. నెలకోసారి ట్యూబుల మీది రంపపు పొట్టు తుడవడం మనవడి వంతు. మరిచిపోతే చట్టంలోని సెక్షన్ గుర్తు చేస్తాను.

ఇక గ్రైండరు దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంది, అది నీడకన్నా మోసకారి. మన ఇళ్లలోకి వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది. ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు సున్నాకు వస్తుంది. కాబట్టి దీపం సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. ఫిలమెంటు బల్బులో వేడెక్కిన తీగ అంత త్వరగా చల్లారదు, అందుచేత తేడా పెద్దగా కనిపించేది కాదు. పాత ఇనుప చోక్ ఉన్న ట్యూబులైటు బాగా మినుకుతుంది. నాసిరకం ఎల్ఈడీ ఇంకా ఎక్కువ మినుకుతుంది. కన్ను దాన్ని పట్టలేదు, నిలకడగా వెలుగుతోందనుకుంటుంది. ఇప్పుడు నిమిషానికి 2880 చుట్లు తిరిగే గ్రైండరు చక్రం మీద ఎదురెదురుగా రెండు గుర్తులు పెట్టామనుకోండి. సెకనుకు 48 చుట్లు. దీపం ఒకసారి మెరిసి మళ్లీ మెరిసేలోపు చక్రం దాదాపు అర చుట్టు తిరుగుతుంది, అంటే ఒక గుర్తు ఉన్న చోటికి రెండోది కాస్త తక్కువగా వచ్చి చేరుతుంది. చూసేవారికి చక్రం మెల్లగా, అదీ వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. సరిగ్గా 3000 చుట్లయితే ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఆగిందనుకుని చెయ్యి పెడితే? మూడు ఫేజుల కరెంటు ఉన్న ఫ్యాక్టరీలో పక్కపక్క దీపాలను వేరు వేరు ఫేజులకు కలుపుతారు. ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి పెరిగి ఉంటుంది. ఇంట్లో ఆ వీలు లేదు గనుక మినుకు లేని దీపం చూసి కొనుక్కోవాలి.

ఎలా చూడటం? దుకాణంలోనే చూడవచ్చు. తెల్ల పెన్సిలునో సన్నటి పుల్లనో దీపం ముందు పట్టుకుని విసనకర్రలా వేగంగా ఊపండి. మసకగా చెదిరిన ఒకే పట్టీలా కనిపిస్తే దీపం మంచిది. విడివిడిగా పది పుల్లలు నిలబడినట్టు కనిపిస్తే అది మినుకుతోంది. సెల్‌ఫోను కెమెరాలో చూసినా చాలాసార్లు నల్లటి పట్టీలు కదులుతూ కనిపిస్తాయి. నేను తోపుడుబండి మీద ఒక దీపం చవకగా కొని, ఇంటికి తెచ్చి ఊపి చూస్తే పుల్లల కంచె కనిపించింది. మూడు నెలలకు అది ఆరిపోయింది కూడా. దాన్ని మళ్లీ వెలిగించే ప్రయత్నం చేయలేదు.

మన పెద్దలకు ఇవేవీ లేకుండానే నగిషీ పనులు చేశారు గదా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. చేశారు. ఎక్కడ కూర్చుని చేశారో చూడండి. వీధి అరుగు మీద, గుమ్మం పక్కన, కిటికీకి ఎదురుగా. వెలుతురు ముందు నుంచో పక్క నుంచో చేతుల మీద పడేటట్టు. పెంకుటింటి కప్పులో ఒక పెంకు తీసి గాజు పెంకు పెట్టేవారు. పగటిపూట మబ్బు పట్టినా బయట వేల లక్స్‌ల వెలుతురు ఉంటుంది. వాళ్లు పనినే వెలుతురు దగ్గరికి తీసుకెళ్లారు. మనకు రాత్రి కూడా పని చేసే వీలు వచ్చింది, అరుగు పోయింది, ఆ తెలివి కూడా దాంతోపాటే పోయింది.

నాకు అసలు కోపం ఇంకో చోట ఉంది. మా చుట్టుపక్కల కొత్త అపార్టుమెంట్లకు నన్ను అప్పుడప్పుడు కుర్చీలు బిగించడానికి పిలుస్తారు. ముందు గదిలో జిప్సం కప్పు, అందులో అంచుల వెంట దాచిపెట్టిన దీపాలు, మధ్యలో పన్నెండు గుండ్రటి దీపాలు, టీవీ వెనక నీలి దీపం. ఆ గదిలో ఎవరూ ఏ పనీ చేయరు, కూర్చుంటారు. వంటింట్లో మధ్యన ఒకటి. గిన్నెలు తోమే వెనక బాల్కనీలో గోడకు అతికించిన ఒక్క చిన్న బల్బు, అదీ తోమే మనిషి వీపు వెనక. కత్తి, నిప్పు, వేడి నూనె ఉన్న చోట తక్కువ వెలుతురు, సోఫా ఉన్న చోట ఎక్కువ వెలుతురు. ఇల్లు కట్టేటప్పుడు చూడటానికి వచ్చేవాళ్లను తలచుకుని దీపాలు పెట్టారు గాని, పని చేసేవాళ్లను తలచుకుని పెట్టలేదు.

ఇందాక చెప్పిన అనంతపురం జిల్లా రాయదుర్గం మాట ఇక్కడ చెప్పాలి. జీన్స్ ప్యాంట్ల కుట్టుపనికి ఆ ఊరు పేరు పొందింది. తెల్ల కాగితం తన మీద పడిన వెలుతురులో నూటికి ఎనభై వంతుల దాకా తిప్పి పంపుతుంది. ముదురు నీలం జీన్స్ గుడ్డ పది వంతులు పంపడమే కష్టం. అంటే తెల్ల చొక్కా కుట్టేవారికి చాలిన దీపం, నీలం గుడ్డ మీద నీలం దారంతో కుట్టేవారికి ఎంత మాత్రం చాలదు. వాళ్లకు వెలుతురు సూది దగ్గరే కావాలి. మిషను మెడకు తగిలించే చిన్న ఎల్ఈడీ దీపం రెండు వాట్లు కూడా తినదు. సూదికి జానెడు దూరంలో ఉంటుంది గనుక, విలోమ వర్గ నియమం ఈసారి మన పక్షాన పని చేస్తుంది. మా వీధిలో జాకెట్లు కుట్టే అక్కకు మనవడు అలాంటిదొకటి బిగించి వచ్చాడు. ఆమె ముందు చేసిన పని, అన్నాళ్లూ కళ్లు నొప్పి పుడుతున్నాయని పక్కన పెట్టేసిన నల్ల జాకెట్టు తీసి మిషను మీద పెట్టుకోవడం.

ఈ మాటలకు మా కోడలు నవ్వి, “మామయ్యా, ఊరందరి దీపాలూ అయ్యాయి, మన వంటిల్లు ఎప్పుడు?” అని అడిగింది. నిజమే, బియ్యం పళ్లెం ప్రయోగంలో మా వంటిల్లు కూడా తప్పింది. గట్టు మీది అర అడుగు భాగం కింద రెండడుగుల ట్యూబు, కంటికి తగలకుండా ముందు అంచుకు చిన్న పట్టీ. పొయ్యికి సరిగ్గా పైన కాకుండా కూరలు తరిగే వైపు. మనవడు సుద్దతో గుర్తు పెట్టేశాడు. ఎలక్ట్రీషియను ఆదివారం వస్తానన్నాడు.